గోడౌన్: మన గిడ్డంగి చేసిన ప్రయాణం

సింగపూరులోని బిషాన్ నుంచి మాట్లాడుతున్నాను. ఈ వారం ఒక ఇంగ్లీషు మాట పుట్టుపూర్వోత్తరాలు చెప్పుకుందాం. అదేమీ పండితుల మాట కాదు. లారీ డ్రైవర్లు, హమాలీలు, రేషను డీలర్లు, ఎరువుల కొట్టు వాళ్ళు రోజూ వాడే మాట. ఆ మాట ‘గోడౌన్’.

మనకి ఇది ఎంత అలవాటైపోయిందంటే, ఇంగ్లీషు వచ్చిన వాళ్ళందరికీ తెలిసే ఉంటుందనుకుంటాం. అమెరికా వెళ్ళిన కొత్తలో మనవాళ్ళు ఎవరైనా ‘గోడౌన్’ అంటే అవతలివాళ్ళు ‘ఎక్కడికి దిగాలి?’ అన్నట్టు చూస్తారు. అక్కడ ‘వేర్‌హౌస్’ అంటే గానీ తెలియదు. మా ఐటీ వాళ్ళ భాషలోనూ డేటా వేర్‌హౌస్ ఉంది గానీ డేటా గోడౌన్ లేదు. కానీ కలకత్తా, మద్రాసు, రంగూన్, పెనాంగ్, సింగపూర్, హాంగ్‌కాంగ్ రేవుల్లో మాత్రం తరతరాలుగా చెల్లిన మాట ఇదే. హాంగ్‌కాంగ్‌లో 1886లో పెట్టిన ఒక పెద్ద కంపెనీ పేరు ‘హాంగ్‌కాంగ్ అండ్ కౌలూన్ వార్ఫ్ అండ్ గోడౌన్ కంపెనీ’. వందేళ్ళ తరవాత, 1986లో, పేరు కుదించి ‘వార్ఫ్ హోల్డింగ్స్’ అన్నారు. వార్ఫ్ మిగిలింది, గోడౌన్ రాలిపోయింది.

అంటే ఇది ఇంగ్లండులో పుట్టిన ఇంగ్లీషు కాదు, ఆసియా రేవుల్లో పెరిగిన ఇంగ్లీషు. మరి పుట్టిందెక్కడ?

చాలామంది చెప్పే కథ ఒకటుంది. సరుకు దాచే కొట్లు నేలమాళిగల్లో ఉండేవట, తెల్లదొర కూలీని ‘గో డౌన్’ అంటే కిందికి పో అని పంపేవాడట, అదే పేరైపోయిందట. వినడానికి బాగుంటుంది. పిల్లలకి చెబితే చటుక్కున గుర్తుండిపోతుంది. కానీ నిలవదు. ఎందుకంటే ఈ మాటని ఇంగ్లీషు వాళ్ళ కంటే ముందు పోర్చుగీసు వాళ్ళు రాశారు. పోర్చుగీసు వాళ్ళు మలక్కాని పట్టుకున్నది 1511లో. ఇంగ్లీషు ఈస్టిండియా కంపెనీ పుట్టింది 1600 సంవత్సరం చివరి రోజున. ఈ మధ్యకాలంలోనే కాస్తాన్యెదా, కొర్రేయా వంటి పోర్చుగీసు చరిత్రకారులు మలక్కా సంగతులు రాస్తూ సరుకు నిలవచేసే గట్టి కట్టడాలని ‘గుదాఁవ్’ అని పేర్కొన్నారు. పోర్చుగీసు వాడికి ‘గో’ అన్నా ‘డౌన్’ అన్నా అర్థం లేదు కదా! కాబట్టి ఆ కథ తరవాత ఎవరో అల్లినదే.

ఇంగ్లీషులోకి ఈ మాట వచ్చిన తొలి దాఖలా కూడా అనువాదమే. చేసారే ఫెదెరీచి అని వెనిస్ వర్తకుడొకడు 1563 నుంచి 1581 దాకా తూర్పుదేశాలన్నీ తిరిగాడు. అతని యాత్ర 1587లో ఇటాలియన్‌లో అచ్చయింది, మరుసటి ఏడే థామస్ హికాక్ దాన్ని ఇంగ్లీషు చేశాడు. అందులో బర్మాలోని పెగూ నగరం గురించి చెబుతూ, ఇళ్ళు వెదురుతోనూ ఆకులతోనూ కట్టినవి కాబట్టి తరచూ తగలబడతాయనీ, అందుకని వర్తకులు విలువైన సరుకు ఇటుకలతో కట్టిన కొట్టులో పెట్టుకుంటారనీ, దాన్ని ‘గోదోన్’ అంటారనీ రాశాడు. ఈ చిన్న సంగతిలోనే మాట అసలు అర్థం ఉంది. గోడౌన్ అంటే ఊరికే గది కాదు. నిప్పంటుకోని చోటు.

అలాంటి చోటు ఎందుకు కావలసి వచ్చిందో అర్థం కావాలంటే గాలుల సంగతి తెలియాలి. తెరచాప ఓడల కాలంలో బంగాళాఖాతం దాటాలంటే రుతుపవనం కోసం కాచుకుని ఉండాలి. ఒక గాలి తీసుకొస్తుంది, ఆ గాలి తిరిగేదాకా వెనక్కి పోవడం కుదరదు. మధ్యలో నెలల తరబడి ఎదురుచూపు. మనిషి ఎక్కడో అక్కడ పడుకుంటాడు. సరుకు ఎక్కడ పడుకోవాలి? చైనా నౌకాధిపతి జంగ్ హ ఓడల మీద వెళ్ళిన మా హువాన్ అనే దుబాసీ 15వ శతాబ్దంలో మలక్కా గురించి రాస్తూ, చైనా వాళ్ళు అక్కడ కంచెకోట కట్టి, నాలుగు ద్వారాలు పెట్టి, లోపల గిడ్డంగులు కట్టుకున్నారనీ, తక్కిన రేవుల్లో తిరిగిన ఓడలన్నీ అక్కడికి చేరి సరుకు సర్దుకుని, దక్షిణపు గాలి కోసం ఆగేవనీ చెప్పాడు. రేవు అంటే ఓడలు ఆగే చోటు మాత్రమే కాదు, సరుకు ఆగే చోటు కూడా.

ఇప్పుడు మన మాట దగ్గరికి వద్దాం. 1886లో హెన్రీ యూల్, ఆర్థర్ బర్నెల్ కలిసి చేసిన ‘హాబ్సన్-జాబ్సన్’ అనే నిఘంటువు వచ్చింది. భారతదేశంలోని ఇంగ్లీషు వాళ్ళ నోళ్ళలో నలిగిన మాటలన్నీ అందులో పోగుచేశారు. బర్నెల్ మద్రాసు రాష్ట్రంలో పనిచేసిన సివిల్ సర్వీసు ఉద్యోగి, దక్షిణాది భాషలు బాగా తెలిసినవాడు. పుస్తకం బయటికి రాకముందే, 1882లో, చనిపోయాడు. ఆ నిఘంటువు గోడౌన్ గురించి చెప్పేది క్లుప్తంగా ఇది. భారతదేశంలోని ఇంగ్లీషు వాళ్ళకి ఈ మాట తూర్పు స్థావరాల నుంచి, అంటే మలయ్ దేశాల వైపు నుంచి వచ్చింది. మలయ్‌లో దాని రూపం ‘గదోంగ్’. కానీ మలయ్‌లోకి అది వెళ్ళింది దక్షిణ భారతం నుంచి. తెలుగులో గిడంగి, గిడ్డంగి. తమిళంలో కిడంగు. సరుకు పడి ఉండే చోటు అని అర్థం. ఇక హిందీ, బెంగాలీల్లోని గుదామ్, గోదామ్ ఈ మాటకి మూలం కావు, ఇంగ్లీషు వాళ్ళ వాడుక నుంచి తీసుకున్నవే.

ఇక్కడ మనలో కొందరికి ఛాతీ పొంగుతుంది. ‘చూశారా, ఇంగ్లీషు వాడికి గోడౌన్ ఇచ్చింది తెలుగువాడే’ అని సభల్లో చెప్పాలనిపిస్తుంది. కొంచెం ఆగుదాం. ఆ మాట తమిళుడు కూడా అనగలడు, అతని దగ్గర గట్టి ఆధారమే ఉంది. ‘కిడ’ అంటే పడి ఉండు అనే క్రియ తమిళ మలయాళాల్లో ఈనాటికీ ఇంటింటా వినిపిస్తుంది. మనం పడి ఉండడం అంటాం, పడుకోవడం అంటాం. ఆ ‘కిడ’ మన రోజువారీ మాటల్లో లేదు. తల్లి ఏ ఇంట్లో బతికి ఉందో బిడ్డ ఆ ఇంటిదే అనడం సహజం.

అయితే మన వైపూ ఒక చిన్న ఆధారం ఉంది. మలయ్ భాష దక్షిణాది నుంచి తీసుకున్న మాటలు ఇంకా ఉన్నాయి. ఓడకి ‘కపల్’, ఇది తమిళ కప్పల్. దుకాణానికి ‘కెదయ్’, ఇది తమిళ కడై. వీటిలో మొదటి ‘క’ అలాగే ఉండిపోయింది. గిడ్డంగికి మాత్రం మలయ్‌లో ‘గుదంగ్’ అంటారు, ‘క’తో కాదు, ‘గ’తో. తమిళ కిడంగు కంటే తెలుగు గిడ్డంగికే అది దగ్గర. ఇలా వాదించవచ్చు. కానీ ఒక్క అక్షరం మీద తీర్పు చెప్పలేం. పెద్ద నిఘంటువులు ‘బహుశా’ అని ఊరుకున్న చోట మనమూ ఊరుకోవడమే మర్యాద. నాకు తోచింది ఏమిటంటే, ఆ రేవుల్లో తెలుగు వర్తకుడూ తమిళ వర్తకుడూ ఒకే గోడ పక్కన సరుకు దించుకునేవారు. మలయ్ వాడు ఆ మాట ఎవరి నోట విన్నాడో అతనికే తెలిసి ఉండదు.

తెలుగు మాటే అని నిస్సందేహంగా చెప్పుకోదగ్గది ఇంకొకటుంది: ‘బ్యాండికూట్’. ఇది మన పందికొక్కు. ఆస్ట్రేలియాలో ఉన్న మనవాళ్ళు అక్కడి పెరళ్ళలో చూసే బ్యాండికూట్ వేరే జంతువు, కంగారూ లాగా కడుపు సంచీలో పిల్లల్ని మోసేది. కానీ దాని పేరు మాత్రం మన పందికొక్కుదే. గిడ్డంగిలో పంపకం ఉన్నా, గిడ్డంగి గోడకి కన్నం పెట్టే దొంగ మాత్రం అచ్చంగా మనవాడే!

మలయ్ తీసుకున్న మాటల్ని ఒకచోట పెట్టి చూడండి. ఓడ, దుకాణం, గిడ్డంగి. వీటితో పాటు ‘మొదల్’, అంటే పెట్టుబడి. ఇది తమిళ ముదల్, మన ‘మొదలు’కి తోబుట్టువు. వ్యాపారానికి కావలసిన సామగ్రి అంతా ఇదే కదా! వర్తకులు బట్టల మూటలతో పాటు ఈ మాటల మూట కూడా దించి వెళ్ళారు. బదులుగా మనకీ మాటలు వచ్చాయి. మచిలీపట్నాన్ని మనం ‘బందరు’ అంటాం, అది పారశీకంలో రేవు. అదే మాట మలయ్‌లోకి వెళ్ళి ‘బందర్’ అయి పట్టణం అనే అర్థం తెచ్చుకుంది. బ్రూనై రాజధాని పేరు మొదట్లో ఉన్నదీ అదే.

బందరుకి ఈ కథలో సొంత చోటు ఉంది. ఇండోనేషియా దీవుల్లో సుగంధ ద్రవ్యాలు కొనాలంటే అక్కడి వాళ్ళు వెండి కంటే కోరమండల్ బట్టలనే కోరేవారు. అందుకే డచ్చివాళ్ళు 1605లో, ఇంగ్లీషు వాళ్ళు 1611లో మచిలీపట్నం వచ్చి దిగారు. ఇంగ్లీషు వాళ్ళ ‘గ్లోబ్’ అనే ఓడ ఆ ప్రయాణంలోనే పులికాట్, నిజాంపట్నం, మచిలీపట్నం చూసుకుని, ఇటు బాంటెన్, పటానీ, సయాం దాకా వచ్చింది. తెలుగుతీరంలో నేసి అద్దిన బట్ట ఒక గిడ్డంగిలోంచి బయలుదేరి సముద్రం దాటి ఇంకో గిడ్డంగిలో పడుకునేది. రెండు చోట్లా ఒకే మాట.

ఇప్పుడు సింగపూరుకి వద్దాం. 1819లో రాఫిల్స్ ఇక్కడ దిగాక, 1822లో నది దక్షిణపు ఒడ్డున ఉన్న బురదనేలని పూడ్చి, అక్కడ వర్తకులకి స్థలాలిచ్చారు. అదే బోట్ కీ. ఓడలు బయట సముద్రంలో ఆగేవి, చిన్న పడవలు సరుకుని నదిలోకి తెచ్చేవి. మొదటి దశాబ్దాల్లో ఆ పడవలు నడిపిన వాళ్ళలో దక్షిణ భారతపు ముస్లిములు చాలామంది, తరవాత చైనా వాళ్ళ చేతుల్లోకి పోయింది. పడవ నుంచి గోడౌన్‌కి పలక వేసి, దాని మీద బస్తా వీపున వేసుకుని కూలీలు నడిచేవారు. ఒక్కో బస్తాకి ఒక్కో వెదురు పుల్ల చేతికిచ్చేవారు. సాయంత్రం పుల్లలు లెక్కబెట్టి కూలి.

1977లో నదిని శుభ్రం చేసే పని మొదలై పదేళ్ళు సాగింది. 1983లో పడవలన్నిటినీ పసిర్ పంజాంగ్ వైపు తరలించేశారు. గోడౌన్లు ఖాళీ అయ్యాయి. తరవాత క్లార్క్ కీలో గోడౌన్లు హోటళ్ళూ దుకాణాలూ అయ్యాయి. 1895 నాటి గోడౌన్ ఒకటి హావ్‌లాక్ రోడ్డులో 2017 నుంచి హోటలుగా నడుస్తోంది. సరుకు పడుకున్న చోట ఇప్పుడు డబ్బిచ్చి మనుషులు పడుకుంటున్నారు. అర్థం పూర్తిగా పోలేదన్న మాట.

ఇంతవరకూ చెప్పుకున్నది మాట అదృష్టం. మాట మోసుకొచ్చిన మనుషుల సంగతీ కొంత చెప్పుకోవాలి, లేకపోతే కథ సగమే.

దక్షిణ భారతం నుంచి వచ్చిన వాళ్ళని మలయ్ వాళ్ళు ‘కెలింగ్’ అనేవారు. అది కళింగ నుంచి వచ్చిన పేరు, అంటే మన ఉత్తరాంధ్రని కలుపుకున్న పాత దేశం పేరే. మొదట్లో అది గౌరవమైన పేరు. 16వ శతాబ్దం మొదట్లో మలక్కాలో విదేశీ వర్తకుల వ్యవహారాలు చూడడానికి నలుగురు షాబందర్లు ఉండేవారు, కెలింగ్ వర్తకుల బాధ్యత అందులో ఒకరిది. మలక్కాలో, పెనాంగ్‌లో ఈ పేరుతో మసీదులున్నాయి. కానీ కూలీలు వేల సంఖ్యలో రావడం మొదలయ్యాక అదే మాట తిట్టు అయింది. సింగపూరులో ‘క్లింగ్ స్ట్రీట్’ అని ఒక వీధి ఉండేది. భారతీయులు అభ్యంతరం చెప్పాక 1920ల మొదట్లో దాన్ని ‘చూలియా స్ట్రీట్’గా మార్చారు. కళింగ రాజ్యం పేరు వీధి పలక మీద నుంచి తీసేయమని మనవాళ్ళే అడగవలసి వచ్చింది.

బర్మాలో ఇంకో పేరు. అక్కడ తెలుగువాళ్ళని ‘కోరంగీలు’ అనేవారు. గోదావరి ముఖద్వారం దగ్గరున్న కోరంగి రేవు నుంచి వచ్చినవాళ్ళని. 1839 నాటి తుఫాను ఆ రేవుని తుడిచిపెట్టేసింది. తరవాతి వలసలు కాకినాడ, విశాఖపట్నం వైపు నుంచి సాగాయి, పేరు మాత్రం కోరంగిదే నిలిచింది. 1931 జనాభా లెక్కల్లో రంగూన్ నగరంలో సగానికి పైగా భారతీయులే. రేవులో బస్తాలు మోసినవాళ్ళలో ఎక్కువమంది తెలుగువాళ్ళు. 1930 మేలో వాళ్ళు కూలి పెంచమని సమ్మె చేశారు. ఓడల కంపెనీల తరఫున వాళ్ళకి బదులు బర్మా కూలీలని పెట్టుకున్నారు. సమ్మె తీరాక ఆ బర్మా వాళ్ళని పొమ్మన్నారు. మే 26న రేవు దగ్గర మొదలైన కొట్లాట ఊరంతా పాకింది. వంద మందికి పైగా చనిపోయారు, ఎక్కువమంది మన కూలీలే. ఇటు పొట్టకూటి కోసం వచ్చినవాళ్ళు, అటు సొంత ఊళ్ళో పని దొరకనివాళ్ళు. ఇద్దరినీ ఒకరి మీదికి ఒకరిని తోసిన నిర్ణయం వాళ్ళది కాదు.

‘గోదోన్’ అనే మాట ఇంగ్లీషు అచ్చులో మొదట కనిపించింది పెగూ ముచ్చట్లోనని చెప్పాను కదా. పెగూ రంగూన్‌కి ఎంతో దూరం లేదు. వర్తకుడి మాట నిఘంటువులో ఎక్కింది. మూడున్నర శతాబ్దాల తరవాత అదే చోట గోడౌన్లు నింపిన కూలీల పేర్లు ఏ పుస్తకంలోనూ ఎక్కలేదు. మన భాష ప్రపంచానికి మాటలిచ్చిందని గర్వపడేటప్పుడు ఈ రెండో వరసని కూడా గుర్తుపెట్టుకోవడం న్యాయం అనిపిస్తుంది.

ఇక మన ఇంటి సంగతి. ధాన్యం దాచుకోవడానికి తెలుగులో మాటలకి కొదవ లేదు. గాదె, గరిసె, పాతర, పురి, కొట్టు. ఇవన్నీ ఇంటివి, రైతువి. తిండికోసం, విత్తనం కోసం దాచుకునేవి. గిడ్డంగి వేరు. అది బజారుది. కొనేవాడు వచ్చేదాకా, ధర పెరిగేదాకా సరుకు ఆగే చోటు. 1957లో కేంద్ర గిడ్డంగుల సంస్థ పెట్టినప్పుడు ఆశించిందీ ఇదే. కోత కాగానే అయినకాడికి అమ్ముకోకుండా, పంట నిలవ పెట్టి, ఆ రసీదు మీద అప్పు తీసుకుని, మంచి ధర కోసం రైతు కూడా ఆగగలగాలని. 2007లో ఆ రసీదులకి చేతులు మారే పత్రాల హోదా ఇస్తూ చట్టం కూడా చేశారు. వర్తకుడికి నాలుగైదు వందల ఏళ్ళ కిందట ఉన్న వెసులుబాటు, అంటే ఆగగలిగే వెసులుబాటు, రైతుకి ఇప్పటికీ పూర్తిగా అందలేదు.

అన్నట్టు, ప్రభుత్వ బోర్డు మీద ‘గిడ్డంగి’ అని ఉంటుంది. హమాలీ ‘గోడౌన్’ అంటాడు. హైదరాబాదులో ‘గోదాం’ అంటారు. మొదటిది స్వచ్ఛమైన తెలుగు, రెండోది ఇంగ్లీషు, మూడోది హిందీ అని మనం మార్కులు వేస్తాం. నిజానికి మూడూ ఒకటే మాట. ఒకటి ఇంట్లోనే ఉండిపోయింది, రెండు విదేశాలు తిరిగి కొత్త బట్టలు కట్టుకుని వచ్చాయి. నేనుండే బిషాన్ పేరూ ఇలాంటిదే. ఇక్కడ 1870లో కాంటనీస్ వాళ్ళు ‘పెక్ సాన్’ అని పిలుచుకున్న శ్మశానం ఉండేది, అంటే పచ్చని కొండ. 1980లలో కొత్త ఊరు కట్టాక అవే అక్షరాలని మాండరిన్ ఉచ్చారణలో ‘బిషాన్’ అన్నారు. ముసలివాళ్ళ ఊరు వేరు, పిల్లల ఊరు వేరు అనిపిస్తుంది గానీ ఊరు ఒకటే.

సింగపూరు బడుల్లో మన తెలుగు పిల్లలు చాలామంది తమిళమో హిందీయో మాతృభాష పాఠంగా చదువుతారు. తెలుగు ఎక్కడ నిలుస్తుందని తల్లిదండ్రులకి దిగులు. దిగులు న్యాయమైనదే. కానీ తమిళం చదివే పిల్లకి ‘కిడంగు’ వస్తుంది, హిందీ చదివే పిల్లాడికి ‘గోదామ్’ వస్తుంది, పక్కింటి మలయ్ స్నేహితుడు ‘గుదంగ్’ అంటాడు. ఇంట్లో మనం ‘గిడ్డంగి’ అనగలిగితే నాలుగూ కలుస్తాయి. అనకపోతే మిగతా మూడు మాటలు వాళ్ళకి పరాయివే. పిల్లలకి పద్యాలు నేర్పలేకపోయినా ఇలాంటి మాట వారానికొకటి ఇవ్వడం ఎవరికైనా సాధ్యమే.

మీ అమ్మగారినో తాతగారినో ఫోనులో అడిగి చూడండి, మీ ఊళ్ళో ధాన్యం దాచే చోటుని ఏమనేవారో. గరిసె అంటారో, పురి అంటారో, ఇంకేమంటారో. వచ్చిన మాటని పిల్లల ఎదురుగా ఒకసారి వాడండి. వచ్చేవారం మళ్ళీ కలుద్దాం. సెలవు.